పాత జీపుకు పరీక్ష పెట్టండి

డీజిల్ పంపులూ నాజిళ్లూ బాగుచేయడం నా వృత్తి. రాజమండ్రి శివార్లలో హైవేని ఆనుకుని చిన్న షెడ్డు. అందులో ఒక టెస్ట్ బెంచీ, ఒక నాజిల్ టెస్టరు, ఇద్దరు కుర్రాళ్లు. కొత్త లారీలన్నీ కంప్యూటరు నడిపే కామన్ రైల్ ఇంజిన్లకి మారిపోయాక మాలాంటి వాళ్ల గుమ్మం ఎక్కడం మానేశాయి. వాటికి లాప్‌టాప్ కావాలి, కంపెనీ కోడ్ కావాలి. మాకింకా పని ఉందంటే ట్రాక్టర్ల వల్ల, ఏజెన్సీ కొండల నుంచి కిందికి దిగే పాత మహీంద్రా జీపుల వల్ల. మేజర్లు, కమాండర్లు, అన్నిటికంటే ముఖ్యంగా నాలుగు చక్రాలూ లాగే ఎం.ఎం. 540లు. ఈ మధ్య మరో రకం కూడా వస్తున్నాయి. పట్నం కుర్రాళ్లు పాత జీపు కొని, రంగేయించి, ఎత్తు పెంచి, లావు టైర్లు తొడిగి తెచ్చే సరదా బండ్లు. రెండు రకాల యజమానులతోనూ తరచూ మాట్లాడేవాణ్ని కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ప్రభుత్వం బండి పుట్టిన సంవత్సరం చూస్తోంది. కుర్రాళ్లు బండి ఎత్తు చూస్తున్నారు. బ్రేకు ఎవరూ చూడటం లేదు.

ముందు ప్రభుత్వం సంగతి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకీ జీపుకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 రూపాయలు ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటితే 10,000 అన్నారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ప్రభుత్వ శాఖల బండ్లకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషనే ఉండదు. ఇంజిను ఎలా ఉన్నా, బాడీ ఎలా ఉన్నా తుక్కు కాటాకి పోవాల్సిందే. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. 2025 ఆగస్టులో, వయసు ఒక్కటే చూసి కఠిన చర్యలు తీసుకోవద్దని ఆ కోర్టే కాస్త పట్టు సడలించింది. డిసెంబరు వచ్చేసరికి ఆ ఊరట బీఎస్-4 కాలుష్య ప్రమాణం, ఆపై ఉన్న బండ్లకే అని తేల్చింది. ఢిల్లీ గాలి గురించి తెలిసినవాడెవడూ ఆ నిషేధాన్ని తప్పు పట్టడు. కానీ ఢిల్లీ గాలి వేరు, మా ఏజెన్సీలోని వై.రామవరం గాలి వేరు. అక్కడి కొలతని ఇక్కడి కొండకి తెచ్చి వేలాడదీస్తారేమోనని ఏజెన్సీ డ్రైవర్లకి బెంగ.

మారేడుమిల్లి అవతలి ఊరి నుంచి నా దగ్గరికి వచ్చే ఒక డ్రైవరు ఉన్నాడు. అతని ఎం.ఎం. 540కి పాతికేళ్లు ఎప్పుడో దాటాయి. వారపు సంతకి చింతపండు, పసుపు, చీపుళ్లు దింపుతాడు, తిరుగు ప్రయాణంలో ఉప్పూ బియ్యం ఎక్కిస్తాడు. ఎవరికైనా నొప్పులొస్తే డోలీ మీద బాట దాకా మోసుకొస్తారు, అక్కణ్నుంచి ఆసుపత్రికి ఈ జీపే. అది ఓన్ బోర్డు బండి, కిరాయికి మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం. అంబులెన్సు ఆ బాటెక్కితే అతను మాత్రం ఎందుకు ఎక్కిస్తాడు? వర్షాకాలంలో ఆ బాట మీద ముందు హౌసింగ్, అంటే ముందు చక్రాలని లాగే ఇరుసు, పనిచేయని బండి కదలదు. లో గేరు వేసి, యాక్సిలేటరు మీద కాలు కూడా పెట్టకుండా, నడిచే మనిషి వేగంతో బురద దాటిస్తాడు. ఈ మధ్య షోరూముల్లో చూస్తున్న బండ్లలో ఆ పని చేయగలిగినవి ఉన్నాయి, లేకపోలేదు. వాటి ధర పది లక్షల పైమాట. అతని జీపు మొత్తం అమ్మినా ఆ కొత్త బండికి ఇన్సూరెన్సు, టాక్సు కట్టడానికి వస్తే గొప్ప.

పోయిన చలికాలంలో అదే జీపు తెల్ల పొగతో వచ్చింది. "మేస్త్రీ గారూ, పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోవడం లేదండి. నలుగురం తోస్తేగానీ లేవట్లేదు," అన్నాడు. దాని ఇంజిను 2,112 సీసీ ప్యూజో. హీటర్ ప్లగ్గులు ఎర్రబడి లోపలి గదిని వేడి చేస్తేనే చలిలో డీజిలు అంటుకునే రకం. నాలుగింటిలో రెండు ప్లగ్గులు చచ్చిపోయి ఉన్నాయి. అంతటితో ఆగకుండా నాజిళ్లు కూడా విప్పించాను.

నాజిల్ మంచిదో కాదో కంటితోనూ చెవితోనూ తెలుస్తుంది. టెస్టరుకి బిగించి పిడి నొక్కుతూ పోతే మీటరు ముల్లు పైకి పాకుతుంది. అది తెరుచుకోవాల్సిన ఒత్తిడి దగ్గరికి రాగానే మంచి నాజిలు కిర్రుమని సన్నగా కూస్తూ డీజిలుని పొగమంచు చేసి విడుస్తుంది. అరిగినది కూయదు. సన్నటి ధార కడుతుంది, పిడి వదిలేశాక మొన దగ్గర ఒక చుక్క వేలాడుతుంది. సిలిండర్లో సగం కాలి సగం కాలక పొగయ్యేది ఆ చుక్కే. ముల్లు తక్కువ దగ్గర ఉండగానే నాజిలు తెరుచుకుంటే లోపల సన్నని షిమ్ము వేసి ఒత్తిడి పెంచుతాం. కొత్తగా చేరిన కుర్రాడికి నేను మొదట నేర్పేది పానా పట్టడం కాదు, ఆ ధారకి చెయ్యి అడ్డం పెట్టకపోవడం. ఆ ఒత్తిడిలో డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనబడుతుంది, లోపల వేలు కుళ్లిపోవచ్చు.

ఆ జీపుకి నాలుగు నాజిళ్లూ మార్చి, ఫిల్టరు మార్చి, పైపుల్లో ఎయిరు తీశాం. ఎయిరు తీయడమంటే ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆఖరికి బుడగ లేని డీజిలు. అప్పుడు బిగించాలి. ఇదంతా కంప్యూటరు లేకుండా, కొండ మధ్యలో ఆగిపోయినా డ్రైవరు తనంతట తాను చేసుకోగల పని. కొత్త కామన్ రైల్ ఇంజెక్టరు ఒక్కటి కొనే డబ్బుతో ఇక్కడ నాలుగు నాజిళ్లూ వేసి పంపు ఓవరాలు కూడా చేయించుకోవచ్చు. ఏజెన్సీలో ఈ జీపులు ఇంకా బతికి ఉన్నాయంటే పాతవాటి మీద మోజు వల్ల అనుకోకండి. చేత్తో బాగయ్యే బండి అక్కడ ఉన్న ఒకే ఒక దారి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, జీపున్నవాళ్లకి పనికొస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్లో గంధకం 10 పీపీఎంకి మించదు. గాలికి అది మేలే. అయితే గంధకం తీసేటప్పుడు డీజిలుకి సహజంగా ఉండే జిడ్డుతనం కూడా తగ్గిపోతుంది కాబట్టి రిఫైనరీల్లోనే దానికి మందు కలిపి పంపుతారు. రోటరీ పంపుకి వేరే ఆయిలు ఉండదు, లోపలి భాగాలన్నీ ఆ డీజిలుతోనే తడవాలి. బంకు డీజిలు పోయించుకున్నంత కాలం భయం లేదు. చౌకగా వస్తోంది కదా అని కిరోసిన్ కలిసిన క్యాను డీజిలు పోస్తే మాత్రం ముందు పోయేది పంపు తలకాయే.

ఇక సరదా బండ్లు. నెలకి ఒకడైనా వస్తాడు. బండి దిగకుండానే, "బాబాయ్, పంపు కొంచెం పెంచాలి. నల్ల పొగ ధారలా రావాలి," అంటాడు. వీడియోల్లో చూస్తారు కదా. పంపు మీద డీజిలు గరిష్ఠంగా ఎంత వెళ్లాలో నిర్ణయించే స్క్రూ ఒకటి ఉంటుంది, బెంచీ మీద పెట్టి కొలిచి దానికి సీలు వేస్తాం. ఆ సీలు తెంచమని అడుగుతున్నాడన్నమాట. ఇంజిను పీల్చే గాలి అంతే ఉండి డీజిలు పెరిగితే బలం కొంచెమే పెరుగుతుంది, మిగిలిందంతా మసి. పిస్టన్ తల మాడుతుంది, వాల్వులు మాడతాయి, ఆయిలు నల్లబడుతుంది. "పొగే కావాలంటే పొయ్యి పెట్టుకోరా అబ్బాయ్," అని పంపించేస్తాను. పక్క షెడ్డువాడు తెంచుతాడు, నాకు తెలుసు.

తర్వాతి కోరిక ఎత్తు. కమాన్ కట్టల్లో ఒక పట్టీ ఎక్కువ వేయించి, షాకిళ్లు పొడుగువి పెట్టించి, మూడు నాలుగు అంగుళాలు లేపుతారు. ఫొటోకి బాగుంటుంది. లేపాక ప్రొపెల్లర్ షాఫ్టు వంపు మారుతుంది, క్రాసులు త్వరగా పోతాయి. స్టీరింగ్ రాడ్డు కోణం మారి, గుంటలో పడ్డప్పుడల్లా బండి ఒక పక్కకి గుంజుతుంది. బరువు పైకి పోయింది కాబట్టి మలుపులో పక్కకి పడే గుణం పెరుగుతుంది. ఈ జీపులకి మొదట వచ్చిన టైరు 6.00-16. దాని బదులు 31 అంగుళాల టైరు తొడిగితే మీటరు 50 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 54, 55 మీద ఉంటుంది. అంత లావు చక్రాన్ని ఆపాల్సింది మాత్రం అవే పాత డ్రమ్ము బ్రేకులు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగుతూ ఎప్పుడూ బ్రేకు మీదే కాలుంచేవాడికి సగం దిగేసరికి పెడలు గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. డ్రమ్ము వేడెక్కి లైనింగు పట్టు వదిలేస్తుంది. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని ఏజెన్సీలో పన్నెండేళ్ల క్లీనరు కుర్రాడికి కూడా తెలుసు. లక్షలు పోసి బండి తయారుచేసుకున్న ఇంజనీరు బాబుకి తెలియదు.

ఇంకొకటి. తారు రోడ్డు మీద స్టైలు కోసం ఫోర్ బై ఫోర్ వేసి తోలడం. ఈ జీపుల్లో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. తారు మీద జారలేవు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్లు మోస్తాయి. తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు విప్పినప్పుడు పళ్లు విరిగిపోయి దొరుకుతాయి. యజమాని కంపెనీని తిడతాడు.

మార్పులంటేనే నాకు పడదని అనుకోవద్దు. ఈ జీపు చరిత్రంతా మార్పులే. 1947లో విల్లీస్ జీపుని ఇక్కడ బిగించడంతో మొదలుపెట్టిన మహీంద్రా, తర్వాత డీజిల్ జీపు తేవాలనుకున్నప్పుడు ఇంటర్నేషనల్ ట్రాక్టరు వంశపు ఇంజినునే తెచ్చి అందులో పెట్టింది. మన దగ్గర పెట్రోలు జీపుల్లోకి మెటడోర్ ఇంజిను దింపిన మేస్త్రీలు ఎందరో ఉన్నారు. మౌంటింగులు తామే కోసి, బెల్ హౌసింగ్‌కి లేతు మీద ప్లేటు తిప్పించి, వెంట్రుకవాసి తేడా రాకుండా కూర్చోబెట్టేవాళ్లు. మార్పు ప్రాణాన్ని కాపాడుతుందా, తీస్తుందా అన్నదొక్కటే నా ప్రశ్న. బాగా పాత జీపుల్లో బ్రేకు మాస్టర్ సిలిండరు ఒకే గదితో ఉంటుంది. ఎక్కడ పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. దాన్ని తీసి రెండు గదుల సిలిండరు వేస్తే ముందుది పోయినా వెనకది మిగులుతుంది. బూస్టరు, ముందు చక్రాలకి డిస్కు బ్రేకు, వెనక సీట్లకి బెల్టులు, గట్టి రోల్ బారు, ఇవన్నీ బతికించే మార్పులు. వీటిని అడిగి వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అడిగిన ఆ కొద్దిమందికీ ధైర్యం చెప్పలేని పరిస్థితి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణం నుంచి బండిని మార్చకూడదని గట్టిగా చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద వచ్చిన తీర్పు అది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ముందు ఇనుప గార్డులు పెట్టుకోవద్దని కేంద్రం 2017 డిసెంబర్లోనే చెప్పింది, అది న్యాయమే, ఆ గార్డు తగిలేది పాదచారికే. చట్టంలో "మార్పు" అంటే బండి మౌలిక స్వరూపం మారడం అని వివరణ ఉంది. మరి రెండు గదుల మాస్టర్ సిలిండరు మౌలిక స్వరూపమా? డిస్కు బ్రేకు? ఒక ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు రిపేరు కిందే లెక్క అన్నారు. ఇంకో ఆఫీసులో సీ బుక్కులో లేనిది ఏదీ కుదరదన్నారు. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరి దగ్గరా రాసిపెట్టిన జాబితా లేదు.

జాబితా లేనిచోట ఏం జరుగుతుందో మా రోడ్డు మీద చూడొచ్చు. ఫిట్‌నెస్ రోజున లావు టైర్లు విప్పి పాత టైర్లు తొడుగుతారు. లైట్ల బారు తీసి ఇంట్లో పెడతారు. సాయంత్రానికి అన్నీ మళ్లీ ఎక్కుతాయి. ఈ పని కోసమే నాలుగు పాత టైర్ల సెట్టు అద్దెకిచ్చేవాళ్లూ తయారయ్యారు. బ్రేకులు బాగుచేయించుకోవాలనుకునే ఏజెన్సీ డ్రైవరేమో డిస్కు కనబడితే ఎక్కడ పట్టుకుంటారోనని భయపడి పాత డ్రమ్ములే ఉంచుకుంటాడు.

ఆస్ట్రేలియాలో ఉంటున్న మా అక్క కొడుకు అక్కడ పాత లాండ్ క్రూజరు కొన్నాడు. అక్కడ తేలికపాటి బండ్లలో ఏ మార్పు ఎంతవరకు చేయొచ్చో దేశం మొత్తానికి ఒక నియమావళి రాసిపెట్టారు. చిన్నవి సొంతంగా చేసుకోవచ్చు. ఇంజిను మార్చడం, బాగా ఎత్తు పెంచడం లాంటివైతే ప్రభుత్వం గుర్తించిన ఇంజనీరు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇచ్చిన ఇంజనీరు దానికి బాధ్యుడు. జర్మనీలోనూ తనిఖీ చేయించి ఆ మార్పుని బండి కాగితాల్లో రాయించుకుంటారు. మనకి ఇంజనీర్ల కొరత ఉందా? రాజమండ్రి చుట్టూ ఎన్ని కాలేజీలున్నాయో బస్సు స్టాండులో నిలబడి పసుపు బస్సులు లెక్కపెడితే చాలు. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ట్రేడు చదివిన పిల్లలు ఏటా బయటికొస్తున్నారు, వాళ్లలో చాలామంది సెల్‌ఫోన్ షాపుల్లో తేలుతున్నారు. వాళ్లకి ఇదొక పని అవుతుంది.

పొగ సంగతి దాటేసి మాట్లాడటం న్యాయం కాదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో తేల్చింది. ఆ పొగ అందరికంటే దగ్గరగా పీల్చేది షెడ్డుల్లో పనిచేసే మేమే, దాని మీద నాకేమీ మమకారం లేదు. పాత జీపులో మసిని పట్టే ఫిల్టరు లేదు, కిలోమీటరుకి అది వదిలే మసి కొత్త బండి కంటే చాలా ఎక్కువ. హైదరాబాదులో ఎవరైనా జూబ్లీహిల్స్ నుంచి హైటెక్ సిటీకి రోజూ పాత డీజిల్ జీపులో ఆఫీసుకి పోతానంటే అతని తరఫున నేను మాట్లాడను. నగరంలో అలాంటివాటిని ఆపండి, తప్పులేదు. కానీ కొలిచి ఆపండి. మనకి పొగ కొలత ఎప్పటినుంచో ఉంది. బీఎస్-4కి ముందరి డీజిల్ బండికి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4కి 50. ఇంజిను వేడెక్కాక యాక్సిలేటరు ఒక్కసారిగా పూర్తిగా తొక్కి, పొగగొట్టంలో పరికరం పెట్టి, అలా కొన్నిసార్లు చేసి సగటు తీయాలి. నాజిళ్లూ టైమింగూ సరిగా ఉండి బోరు అరగని జీపు ఆ గీత లోపలే ఉంటుంది. బోరు పోయి ఆయిలు తాగుతూ నీలం పొగ వదిలేది దాటుతుంది. మొదటిదాన్ని ఉండనిచ్చి రెండోదాన్ని ఇంజిను పని చేయించుకొచ్చేదాకా పక్కన పెట్టాలి. కావాలంటే ఆ 65ని ఇంకొంచెం కిందికి దించండి, మాకు పని పెరుగుతుంది. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, గొట్టంలో పరికరం పెట్టకుండానే పొల్యూషన్ కాగితం చేతికొస్తోంది. ఆ కాగితం జేబులో ఉన్న బండి వెనక స్కూటరు మీద వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. రానివ్వండి. రోలరు మీద బండి పెట్టి ఏ చక్రం ఎంత ఆగుతోందో అంకె చూపిస్తే వాదన ఉండదు. ఫోర్ బై ఫోర్ బండిని రోలరు ఎక్కించేముందు ముందు గేరు విడదీయాలని తెలిసిన మనిషి మాత్రం అక్కడ ఉండాలి, లేకపోతే బండి రోలరు మీంచి ముందుకి దూకుతుంది. ఇంకో ఇబ్బంది దూరం. ఘాట్ అవతలి జీపు పరీక్ష కోసం మైదానానికి రావాలంటే ఒక రోజు కూలీ, ఒక ట్యాంకు డీజిలు. అందుకే చాలామంది రెన్యువల్ మానేసి, ఇన్సూరెన్సు కూడా మానేసి, కొండ మీదే తిప్పుకుంటున్నారు. ఫీజు పెంచినకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. లెక్కలో లేని బండి వల్ల ప్రమాదం జరిగితే చచ్చిపోయినవాడి ఇంటికి ఇన్సూరెన్సు నుంచి పైసా రాదు.

రవాణా శాఖ పెద్దలకి నా మనవి ఇంతే. ఏ మార్పు రిపేరో, ఏది అనుమతితో చేయాలో, ఏది అసలు కూడదో ఒక పేజీలో తెలుగులో అచ్చేసి ప్రతి ఆఫీసు గోడకీ అంటించండి. బ్రేకు మెరుగుపరిచే మార్పులకి ఫీజు లేకుండా సీ బుక్కులో ఎక్కించండి. పరీక్ష పాసైన బండికి వయసు చూసి పదివేలు అడగకండి. కుర్రాళ్లకి చెప్పేది కూడా ఉంది: లిఫ్ట్ కిట్టుకి దాచిన డబ్బులో మొదటి వాటా బ్రేకులకి పెట్టండి, ఆ తర్వాత టర్బో సంగతి మాట్లాడుకుందాం. శాఖవారు నెలకి ఒక్క రోజు ఒక బ్రేకు రోలరునీ ఒక పొగ మీటరునీ వ్యాను మీద రంపచోడవరం పంపితే, మా షెడ్డులో పని చేయించుకున్న జీపులన్నిటినీ నేనే దగ్గరుండి వరసలో పెట్టిస్తాను.